ఈశాన్యంలో అవ్వబండ

మహిళా జైలు, హైదరాబాద్
ఆగస్టు మొదటి వారం

దుర్గక్కా,

క్షేమమని రాయలేను. నిన్న కుళాయి దగ్గర ఒకావిడ నా జుట్టు పట్టి గోడకేసి కొట్టింది. నేను ఆమె చెయ్యి మెలిపెట్టి కింద పడేశాను. ఇప్పుడు ఇద్దరం ఒకే బకెట్టు వాడుకుంటున్నాం. ఇక్కడ పరిచయాలు ఇట్లాగే మొదలవుతాయంట.

ఫోన్ చేయొచ్చు కదా అని తిడతావు. వాళ్లిచ్చే ఆ కాసేపు నువ్వు "తిన్నావా, ఎందుకు తినలేదు" అనడానికే సరిపోతుంది. అందుకే ఉత్తరం. నీకంటే ముందు దీన్ని ఇక్కడి మేడమ్ చదువుతుంది కాబట్టి కేసు సంగతులు రాయొద్దని మా లాయర్ రమ్య గారు గట్టిగా చెప్పారు. రాయగలిగినంత రాస్తాను.

ఆ పొద్దున తుంపర పడుతోంది. నువ్వు "చచ్చిన లైటు" అంటావే, ఆ లైటు. అబ్దుల్లాపూర్‌మెట్ దాటి లోపలికి పోయి, చెరువుకట్ట మీద గుట్టకు ఎదురుగా కెమెరా స్టాండు వేశాను. నాలుగేండ్లుగా ఆ గుట్టను ఎండలో, పొగమంచులో, ఉరుముల్లో తీస్తున్నాను గానీ, వానలో తడిసిన అవ్వబండ మాత్రం ఎన్నడూ సరిగ్గా దొరకలేదు. నీకు తెలుసుగా, గుట్టకు కుడి కొసన, తూర్పు దిక్కు, నడుం వంగిన ముసలమ్మలా ఉంటుంది. ఆ రోజు బర్రె వీపులా నల్లగా నిగనిగలాడుతోంది. మేకలు కాసే మట్టయ్య దాని పక్కనే నిలబడి, నన్ను చూసి కండువా ఊపాడు.

అప్పుడే పేల్చారు. సైరన్ లేదు, హెచ్చరిక లేదు, ఒక్క కేక కూడా లేదు. గుట్ట పక్క ఊడి గాల్లోకి లేచింది. రాళ్లు చెరువులో పడి నీళ్లు నా మీదికి చిమ్మాయి. మేకలు పసిపిల్లల్లా అరిచాయి. అవ్వబండ నిలబడే ఉంది, కానీ దాని భుజం విరిగి మట్టయ్య ఛాతీ మీద పడింది.

ఆ తర్వాత అక్కడేం జరిగిందో రాయకూడదు. ఆటోలో మట్టయ్య తల నా ఒళ్లో పెట్టుకుని దవాఖానకు బయల్దేరాను. హయత్‌నగర్ రాకముందే పోయాడు. దవాఖాన గుమ్మంలోనే నన్ను పట్టుకున్నారు. గుట్ట కింద ప్లాట్లు వేస్తున్న దశరథ మనిషి, సూపర్‌వైజర్ అభిలాష్, దవడ విరిగి పడున్నాడట. నేనే చంపబోయానట. మట్టయ్య మాత్రం వానకు కాలుజారి పడ్డాడట. పేలుడనేదే జరగలేదట! చూశావా అక్కా, మనిషి ఛాతీ మీద బండ విరిగి పడితే కాలుజారడం అంటారట.

నా కెమెరా జేసీబీ కింద నలిగింది, కార్డుతో సహా. ఇక ఆ గుట్ట ఫొటోలు ఉన్నది నీ షాపులోనే. వాటిని ముట్టుకోకు. ఇంకొకటి. పోయిన చలికాలం మట్టయ్యను అవ్వబండ పక్కన నిలబెట్టి తీసింది ఉంది. అది ప్రింటు వేసి, ఫ్రేము కట్టించి, అతని భార్య అండాలమ్మకు ఇవ్వు. ఆకాశం మార్చకు. నీ కొడైకెనాల్ మబ్బులు అతికించావో, బయటికొచ్చాక నీ మెడ విరుస్తా.

స్వప్న


దిల్‌సుఖ్‌నగర్
ఆగస్టు నెలాఖరు

స్వప్నా,

మెడ విరుస్తావా? విరువు. నీకు మౌసు పట్టుకోవడం నేర్పిన మెడే ఇది. చైతన్యపురి హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదవమని మీ నాన్న పంపితే, క్లాసులెగ్గొట్టి నా షాపులో కూర్చుని పెళ్లికూతుళ్ల మొటిమలు చెరిపిన దానివి. ఇవాళ నాకు ఆకాశం గురించి చెబుతోంది, మహాతల్లి!

పోస్ట్‌మాన్ నీ కవరు మీద ముద్ర చూసి, వీధంతా వినేలా "మేడమ్, జైలు నుంచి" అన్నాడు. మా ఆయన సిగ్గుతో లోపలికి పోయాడు. నేను మాత్రం "అవునయ్యా, మా అమ్మాయే, ఏం?" అన్నాను. తర్వాత తలుపేసుకుని ఏడ్చాననుకో. అది వేరే సంగతి.

అండాలమ్మ వచ్చింది. చెప్పాపెట్టకుండా బస్సెక్కి, వెతుక్కుంటూ వచ్చింది. నువ్వు చెప్పినట్టే చేద్దామనుకున్నాను గానీ చెయ్యి ఊరుకోలేదు. చనిపోయినవాళ్ల ఫొటో అంటే మా షాపులో ఒక పద్ధతుందిగా. మొహం కత్తిరించి, కోటు తొడిగి, వెనకాల నీలంరంగు వేసి, తల చుట్టూ కాస్త వెలుగు పెట్టాను. ఎంతో చక్కగా వచ్చింది. ఆవిడ దాన్ని పట్టుకుని చాలాసేపు చూసి, "గీ కోటాయన ఎవరమ్మా?" అంది.

"మీ ఆయనే కదమ్మా."

"మా ఆయన గిట్లుండడు. మా ఆయన ఎనక గుట్ట ఉంటది. గుట్టేది?"

అప్పుడు నీ ఒరిజినలే పెద్దగా ప్రింటు వేశాను. కుడిపక్కన అవ్వబండ, దాని మీద ఎవరో ఎప్పుడో సున్నంతో రాసిన "జై హనుమాన్", పక్కన కర్ర పట్టుకుని మట్టయ్య. ఆకాశం అంట్లు కడిగిన నీళ్లలా ఉంది. అయినా ఒట్టు, ముట్టుకోలేదు.

ఆవిడ ఏడవలేదు. ఫ్రేమును కొంగుతో తుడిచి, "గా గుట్ట మీద పుట్టి పెరిగినోడు జారి పడ్తడా అమ్మా? జారిండని రాసినోని చేతులు ఇరగ. గా దశరథగాని నోట్ల మన్నువడ" అంది. షాపులో ఆల్బమ్ చూసుకుంటున్న కొత్త పెళ్లికూతురు భయపడి లేచి పోయింది.

నీ ఫైళ్లు భద్రం. షాపు ఏదోలా నడుస్తోంది. పెళ్లిళ్లు లేకపోతే ఫ్లెక్సీలు, ఫ్లెక్సీలు లేకపోతే బ్రోషర్లు. ఎవరి పని అని అడిగి చేస్తామా. వేళకి తిను. ఆ బకెట్టు పిల్లతో మళ్లీ పెట్టుకోకు.

దుర్గ


మహిళా జైలు
అక్టోబర్

దుర్గక్కా,

మొన్న బెయిలు కొట్టేశారు. బయటికొస్తే సాక్షులను బెదిరిస్తానట. సరే, కొట్టెయ్యనీ. నాకు కోపం వచ్చింది దానికి కాదు.

కోర్టు నుంచి తెస్తుంటే ఎల్బీనగర్ చౌరస్తాలో వ్యాను ఆగింది. జాలీలోంచి చూస్తే ఎదురుగా ఇంత పెద్ద హోర్డింగు. దశరథ చేతులు జోడించి నవ్వుతున్నాడు. వాడి వెనక నా గుట్ట!

ముందు నేను గుర్తుపట్టలేదు, ఎందుకంటే అవ్వబండ ఎడమ చేతికి ఉంది. పొద్దు ఎడమ దిక్కు నుంచి లేస్తోంది. తర్వాత మబ్బులు చూశాను. ఆ మబ్బులు నాకు తెలియవా అక్కా? వాటిని ఎన్ని పెళ్లి ఆల్బమ్‌లలో అతికించాను నేను! నీ కొడైకెనాల్ మబ్బులు. గడ్డి కూడా మనది కాదు, కాశ్మీర్ హనీమూన్ జంటల కాళ్ల కిందది. మాఘమాసంలో చలికి వణుకుతూ నేను తీసిన తెల్లవారుజామును పట్టి తిప్పి, రంగు కొట్టి, మట్టయ్యను చంపినోడి నెత్తి వెనక పెట్టావు. బండ మీద రాతను కూడా చెరిపేశావు.

నేను జాలీని గుద్దాను. పక్కనున్నామె ఆపేదాకా గుద్దుతూనే ఉన్నాను. వేళ్లు చీలాయి, కట్టు కట్టారు, అందుకే అక్షరాలు వంకర. నొప్పి మాత్రం నాకు తెలియలేదు.

"ఎవరి పని అని అడిగి చేస్తామా" అని రాసినప్పుడు నీ చెయ్యి ఆగలేదా? అండాలమ్మ నీ ఎదురుగా నిలబడి వాడి నోట్లో మన్ను పడాలని తిడుతుంటే, నువ్వు ఆ నోటికి నవ్వు దిద్దుతున్నావా?

జవాబు రాయి. నిజం రాయి.

స్వప్న


దిల్‌సుఖ్‌నగర్
అక్టోబర్, దీపావళి ముందు

స్వప్నా,

అవును, తిప్పాను. ఏం చేస్తావు?

పోయిన వేసవిలోనే ఇచ్చాను. అప్పటికి మట్టయ్యా బతికే ఉన్నాడు, నువ్వూ బయటే ఉన్నావు. దశరథ వచ్చి, "మేడమ్, మా ప్లాట్లకు ఈశాన్యంల గుట్ట పడ్డది. ఈశాన్యంల బరువుంటే ఇంటి యజమానికి మంచిది కాదని ఒక్కడు కొంటలేడు. గా గుట్టను జర గిటు పక్కకు జరుపుండ్రి" అన్నాడు. ఒక్క నొక్కు నొక్కాను. కుడిది ఎడమకొచ్చింది, ఈశాన్యం బరువు వాయవ్యానికి పోయింది. వాడికి పీడ వదిలింది. తిప్పితే రాత కూడా తిరగబడుతుంది కదా, అందుకే హనుమంతుణ్ణి చెరిపాను. అందులో పాపమేముంది? ఈ చేత్తో ఎన్ని ముక్కులు సరిచేశాను, ఎన్ని పొట్టలు లోపలికి తోశాను, విడిపోయిన మొగుడూ పెళ్లాలను ఎన్ని ఫొటోల్లో పక్కపక్కన నిలబెట్టాను! గుట్టను తిప్పితే మనిషి చస్తాడని నాకేమైనా కలొచ్చిందా?

నువ్వు వానలో నిలబడి ఒక్క గుట్టనే నాలుగేళ్లు తీస్తావు. ఒక్కటి అమ్మవు. నీ పేరు గొప్పది, నీ కోపం గొప్పది. ఆ ఫొటోలన్నీ మోసే హార్డ్‌డిస్క్ డబ్బా ఎవరిది? నీకు లాయర్ని మాట్లాడింది ఎవరు? నా మీద అరవకు. నేను అరిస్తే నువ్వు తట్టుకోలేవు.

తెర మీద జరిపినదాన్ని వాడు నేల మీద మందుగుండు పెట్టి జరుపుతాడని నేననుకోలేదు. అంతే. ఇంతకంటే నిజం నా దగ్గర లేదు.

దుర్గ


మహిళా జైలు
నవంబర్

విజయదుర్గ గారికి,

మీరు ఇక ఉత్తరాలు రాయవద్దు. నా ఫొటోలన్నీ రమ్య గారికి అప్పగించగలరు.

స్వప్న


ప్రైవేటు ఆసుపత్రి, దిల్‌సుఖ్‌నగర్
డిసెంబర్

స్వప్నా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. చించెయ్యాలనుకుంటే చదివి చించు.

నన్ను "గారు" అన్నావు. "ఒసే దుర్గా" అని తిట్టినా నాకింత కాలేది కాదు. ఆ ఉత్తరం పట్టుకుని సరాసరి దశరథ ఆఫీసుకి పోయాను. "హోర్డింగు నువ్వు దించుతావా, నన్ను దించమంటావా" అన్నాను. వాడు పళ్లికిలించి, "ఇంటికి పోండ్రి మేడమ్, బీపీ పెరుగుతది" అన్నాడు. ఫ్లెక్సీలు కట్టే మనుషులతో నాకున్న పరిచయం ఇవాళ్టిదా? మర్నాడు ఎల్బీనగర్‌లో దశరథ మొహం నుదుటి నుంచి గడ్డం దాకా నిలువునా చీలి గాలికి కొట్టుకుంటోంది. చూసి, మెట్రో మెట్ల మీద నిలబడి నవ్వాను.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచే వేళకి వచ్చారు. షట్టర్ సగం కిందికి లాగి, ఇనప రాడ్లతో మొదలుపెట్టారు. మానిటర్లు, ప్రింటర్, గోడలకున్న పెళ్లి ఫొటోలు, అన్నీ. నీ గుట్ట ఉన్న డబ్బా కోసం ప్రత్యేకంగా అడిగారే. నేను దాని మీద పడుకున్నాను. ఒకడు నా చెయ్యి పట్టి లాగాడు. కొరికాను. ఎంత గట్టిగా అంటే, వాడి చర్మం నా పళ్ల మధ్య ఉండిపోయింది. నలభై ఏళ్లుగా శనివారాలు ఉపవాసం ఉండే నోటితో! వాడు ఆవులా అరిచాడు. తర్వాత రాడ్డు నా మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు చెవికంటే ముందు పంటికి తెలిసింది. డబ్బాని నా కళ్లముందే సుత్తితో పిండి చేశారు.

నీ నాలుగేళ్లూ పోయాయి, స్వప్నా. ఒక్కటి మిగల్లేదు. రమ్యకి ఇద్దామని సంచిలో కూడా పెట్టాను, ఇవ్వలేకపోయాను.

ఎడమచేత్తో రాస్తున్నాను. నీ వంకర అక్షరాలని వెక్కిరిద్దామనుకున్నా, ఇప్పుడు నావీ అంతే.

ఇంకో సంగతి. చెప్పకుండా దాచొచ్చు గానీ, దాచి ఒకసారి చూశాం కదా. అండాలమ్మ నన్ను చూడ్డానికి వచ్చి చెప్పింది. అవ్వబండని కూడా పేల్చేశారట. కంకర లారీల్లో పోతోందట. ఇప్పుడక్కడ చదునుగా మన్ను, మన్ను మీద తెల్లరాళ్లు పాతి నంబర్లు. "మా అవ్వను ముక్కలు ముక్కలు జేసిండ్రు" అని గుండెలు బాదుకుంది. మట్టయ్య పోయినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

నన్ను తిట్టు. ఎంత తిట్టినా సరే, "గారు" అనకు.

దుర్గ


మహిళా జైలు
ఫిబ్రవరి

అక్కా,

చెయ్యి ఎట్లుంది? నీ ఉత్తరం చదివి పళ్లెం గోడకేసి కొట్టాను. తర్వాత నువ్వు వాడిని కొరికిన చోట మళ్లీ చదివి నవ్వొచ్చింది. బకెట్టు పిల్లకు చదివి వినిపించాను. అది లేచి నిలబడి, ముఖం తెలియని నీకు దండం పెట్టింది.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఇది మేడమ్‌కి ఇవ్వకుండా రమ్య గారి చేతే పంపుతున్నాను, జవాబు కూడా ఆమెకే ఇవ్వు. రమ్య గారు చార్జిషీటు తెచ్చారు. గుట్ట దగ్గర గొడవే జరగలేదని చూపించాలి కదా వాళ్లకి, గొడవ ఉందంటే పేలుడు బయటికొస్తుంది. అందుకని అభిలాష్ "ప్లాట్లు చూసుకుంటుంటే వెనక నుంచి కొట్టారు, ఎవరో నేను చూడలేదు" అని చెప్పాడు. చూసినట్టు సాక్ష్యం చెప్పేది ఒక్కడే. అంతయ్య అని ట్రాక్టర్ డ్రైవర్. ఆ మనిషిని నేను అక్కడ ఏనాడూ చూడలేదు.

వాడి వాంగ్మూలం ఇదీ. "నేను చెరువుకట్ట మీద గుట్టకు ఎదురుగా నిలబడి ఉన్నాను. నా ఎడమ చేతి వైపున్న పెద్ద బండ చాటు నుంచి ఆ అమ్మాయి వచ్చింది. బండ వెనక నుంచి ఎండ పడుతుండడంతో స్పష్టంగా కనిపించింది."

అర్థమైందా అక్కా? కట్ట మీద నిలబడితే అవ్వబండ కుడి చేతికి ఉంటుంది. ఆ పొద్దున ఎండ లేదు, తుంపర. వాడు ఆ గుట్ట మొహం చూడలేదు. వాడికి నీ బ్రోషర్ చూపించి బట్టీ పట్టించారు! నువ్వు తిప్పిన గుట్టను, నువ్వు పెట్టిన ఎండను వాడు ప్రమాణం చేసి చెప్పాడు.

గుట్ట ఏ పక్క ఉండేదో చూపిద్దామంటే గుట్టే లేదు. ఊళ్లోవాళ్లు దశరథ పనుల్లో ఉన్నారు, నోరు విప్పరు. నా ఫొటోలు పోయాయి. కానీ ఒకటి మిగిలింది. నువ్వు కోటు తీసేసి, ఆకాశం ముట్టుకోకుండా ఇచ్చింది. అండాలమ్మ ఇంట్లో, గోడకు.

స్వప్న


దిల్‌సుఖ్‌నగర్
మార్చి

నా తల్లీ,

ఉత్తరం చదివి పొయ్యి మీద పాలు మర్చిపోయాను. అవి పొంగి, మాడి, ఇల్లంతా కంపు. మా ఆయన ఏమైందంటే "సూర్యుడు పడమర పొడిచాడు" అన్నాను. చేతికి తగిలిన దెబ్బ తలకెక్కిందనుకున్నాడు పాపం.

అండాలమ్మ దగ్గరికి నేనూ రమ్యా వెళ్లాం. ఫ్రేము గోడ మీదే ఉంది, ఎండు బంతిపూల దండతో. రాత సరిగ్గా చదవడానికి వస్తోంది, బండ కుడిపక్కనే ఉంది. ఇక దాన్ని తిప్పారని ఎవడంటాడు? రమ్య ఆ ఫొటో చూసి అక్కడే కూలబడి నవ్వింది. ప్రింటు వేసింది నేనేనని చెప్పడానికి నన్నూ సాక్షిగా పిలుస్తారట, కాబట్టి నా వంతు వచ్చేదాకా కోర్టు హాల్లోకి రాకూడదట. వరండాలో కూర్చుంటాను. నువ్వు భయపడకు.

రమ్య మాట విను, స్వప్నా. అంతయ్య పడిపోతే ఇక వాళ్ల దగ్గర ఏమీ లేదు. జడ్జిగారు నిన్ను అడిగినప్పుడు "నాకు తెలియదు" అను, నోరు మూసుకుని నిలబడు. అక్కడితో కత్తిరించు. సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. నీకు గుత్తివంకాయ చేస్తాను. నీ కోపాన్ని ఆ ఒక్కపూటా ఆ బకెట్టు పిల్లకి అప్పగించి రా. నీ కాళ్లు పట్టుకుంటాను.

దుర్గ


మహిళా జైలు
ఏప్రిల్

దుర్గక్కా,

వరండాలో నన్ను తీసుకుపోతుంటే నువ్వు పెట్టిన కేకలు విన్నాను. "పిచ్చిదానా" అన్నది కూడా విన్నాను. నీ వంతు రాకముందే అంతా అయిపోయింది, లోపల ఏం జరిగిందో నువ్వు చూడలేదు, కాబట్టి రాస్తున్నాను. ఇప్పుడు దాచాల్సిందేమీ లేదు.

రమ్య గారు అంతయ్యను మెత్తగా అడిగారు. "బండ ఏ చేతి వైపు?" "ఎడమ దిక్కు మేడమ్." "పొద్దు?" "గా బండ ఎన్కకెల్లే లేస్తుండె. మస్తు ఎండ. మబ్బులు తెల్లగ, మంచిగున్నయి." అప్పుడు పోలీసుల పంచనామా చదివారు. "వాన వల్ల రక్తపు మరకలు కొట్టుకుపోయినవి" అని వాళ్లే రాసుకున్నారు. తర్వాత అండాలమ్మ ఫ్రేము తెచ్చి బల్ల మీద పెట్టింది. దండ తీయమంటే తీయనంది. జడ్జిగారు దండను వేలితో పక్కకు జరిపి, బ్రోషర్ పక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. అంతయ్య చెమటలు కక్కాడు. "నన్నేమనకుర్రి సారూ, నాకు గీ కాయితమే సూపెట్టిండ్రు" అని చేతులు జోడించేశాడు. వెనక బెంచీ మీద దశరథ లేచి బయటికి పోయాడు.

మధ్యాహ్నం జడ్జిగారు నన్ను అడిగారు, ఏమైనా చెప్పుకుంటావా అని. రమ్య గారు నా వైపు చూసి కళ్లతోనే వద్దన్నారు. నీ గుత్తివంకాయ గుర్తొచ్చింది, ఒట్టు. తెలియదంటే ఇంటికి పోతాను. కానీ అండాలమ్మ ఆ ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. నేను ఆ పొద్దున అక్కడేం చూడలేదంటే, ఇక చూసినవాళ్లు ఎవరు? మట్టయ్య కాలుజారి పడ్డాడన్న మాటే నిలిచిపోతుంది.

"కొట్టాను" అన్నాను.

అంతా చెప్పాను అక్కా. నేను కెమెరా, స్టాండుతో సహా పరిగెత్తి పోయేసరికి మట్టయ్య బతికే ఉన్నాడు. నోట్లో నుంచి రక్తం బుడగలు వస్తున్నాయి, వేళ్లు మట్టిని గోకుతున్నాయి. బండి తెప్పించండని అరిచాను. అభిలాష్ వచ్చి ఆ వేళ్లను బూటుతో తోసి, "ఇంకా పోలేదు. జేసీబీతో గా బండ మొత్తం మీదికి దొబ్బుర్రి, జారిపడ్డడని రాస్తరు. ముందు దీని కెమెరా గుంజుర్రి" అన్నాడు. మట్టయ్య ఆ మాట విన్నాడు. నా వైపు చూశాడు. అప్పుడు స్టాండు మడిచి అభిలాష్ మొహాన ఎదురుగానే కొట్టాను. మొదటి దెబ్బకు పళ్లు రాలాయి. రెండో దెబ్బకు దవడ పక్కకు పోయింది. మూడోది కూడా కొట్టేదాన్నే, నన్ను జుట్టు పట్టి లాగారు. ఆ సందులో ఒక పనివాడు మట్టయ్యను బయటికి గుంజాడు, ఆటో ఎక్కించాడు, నేనూ విదిలించుకుని ఎక్కాను. లేకపోతే అతన్ని బతికుండగానే బండ కింద పూడ్చేవాళ్లు.

అండాలమ్మ లేచి, "నా పెనిమిటి ఇన్నడా బిడ్డా గా మాట?" అని అడిగింది. విన్నాడన్నాను. ఆమె అక్కడే కింద కూర్చుండిపోయింది.

నువ్వు కత్తిరించమన్నావు. నిన్ను కోప్పడలేను, నా మీద ప్రేమతో అన్నావు. కానీ కత్తిరించాల్సిన ఆ ముక్కలోనే మట్టయ్య ఉన్నాడక్కా.

స్వప్న


దిల్‌సుఖ్‌నగర్
జూన్

స్వప్నా,

తీర్పు రోజు నుంచి నీ మీద కోపంతో ఉత్తరం రాయలేదు. చంపబోయిందన్నది కొట్టేశారు, సరే. దవడ విరగ్గొట్టినందుకు మాత్రం వచ్చే వానాకాలం దాకా లోపలే ఉండమన్నారు. ఆ రోజు నువ్వు నవ్వావు చూడు, పళ్లు రాలగొట్టాలనిపించింది. మొండి ముండా! ఆ మాట రాసి కొట్టేద్దామనుకున్నా, ఉండనీ.

మట్టయ్య కేసు మళ్లీ తెరిచారు. ఈసారి హత్య అని రాసుకున్నారు. అండాలమ్మ వాంగ్మూలం ఇచ్చి వచ్చింది, నీదీ తీసుకుంటారట. మట్టయ్యను ఆటో ఎక్కించిన ఆ పనివాడు కూడా నీ మాట పేపర్లో చదివి తనంతట తానే స్టేషన్‌కి వచ్చాడు. దశరథని నిన్న విజయవాడ రోడ్డు మీద పట్టుకున్నారు.

షాపు మళ్లీ తెరిచాను. మబ్బుల ఫోల్డరు ఇక లేదు. డబ్బాతో పాటే పగిలింది, మళ్లీ చేసుకోవచ్చు, చేసుకోలేదు. నిన్న ఒక పెళ్లివాళ్లు "వెనక కొండలు పెట్టండి" అంటే "ఏ కొండలు?" అని గొంతు చించుకున్నాను. లేచి పోయారు. ఇలా అయితే నువ్వొచ్చేసరికి నాకు పనుండదు.

ఇవాళ పొద్దున తుంపర. ఎరువు తెచ్చుకున్న కెమెరా పట్టుకుని, అండాలమ్మని వెంటబెట్టుకుని చెరువుకట్ట మీదికి పోయాను. నువ్వు నిలబడే చోటెక్కడో ఆవిడే చూపించింది. పెళ్లి ఫొటోలు దిద్దిన నాకు తియ్యడం ఎక్కడొచ్చు? చెయ్యి ఇంకా సరిగ్గా మడత పడట్లేదు, లెన్సు మీద నీళ్లు. ఒక్కటి తీశాను. దీంతో పాటు పంపుతున్నాను. నేల వంకరగా వచ్చింది, ఆకాశం చచ్చినట్టుంది, మధ్యలో అంతా ఖాళీ. ఏదీ దిద్దలేదు. అండాలమ్మ తనే నడుచుకుంటూ పోయి నిలబడింది చూడు, అవ్వబండ ఉన్న చోట. కుడి చేతి వైపు.

మీ దుర్గక్క